పొద్దుటి సన్నద్ధతా, రాత్రి లెక్కా? స్టోయిక్ సాధన మొదలుపెట్టేవారికి ఏది మేలు

ప్రాచీన గ్రీసులో పుట్టి రోమ్‌కు చేరిన స్టోయిక్ తత్వం ఇష్టంగా చదివినవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు గుణాలూ నోటికి వస్తాయి. వాటిని రేపటి రోజులో ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు. రోమన్ స్టోయిక్కులు ఇందుకు వాడిన పద్ధతుల్లో రెండు చక్కగా రాతలో మిగిలాయి. ఒకటి పొద్దున్నే చేసేది, రెండోది రాత్రి చేసేది. రోజుకు పది నిమిషాలే కేటాయించగలిగితే రాత్రిదే పట్టుకోండి. అయితే పేరెక్కువ పొద్దుటిదానికే కాబట్టి ముందు దాని సంగతి.

క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను ఏలిన మార్కస్ అరీలియస్ తనకోసం గ్రీకులో రాసుకున్న పుస్తకంలో రెండో భాగం ఈ సాధనతోనే మొదలవుతుంది. ఇవాళ పరుల విషయాల్లో తలదూర్చేవాళ్లు, కృతజ్ఞత లేనివాళ్లు, అసూయపరులు ఎదురవుతారని తెల్లవారగానే తనకు తాను చెప్పుకుంటాడు. చాలామంది ఇక్కడిదాకానే తీసుకుంటారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. మంచిచెడ్డలు తెలియకే వాళ్లు అలా ఉన్నారు, వాళ్లూ నా బంధువులే, చేతుల్లా కాళ్లలా, పై పలువరస కింది పలువరసలా కలిసి పనిచేయడానికే పుట్టాం అంటాడు. ఈ రెండో సగం వదిలేస్తే న్యాయగుణం పోతుంది, మిగిలేది మనుషుల మీద చిరాకు. అలాంటి చిరాకుతో ఇల్లు దాటడం కంటే ఏమీ చేయకుండా బయల్దేరడమే నయం.

సరిగ్గా చేస్తే దీనికి ఐదు నిమిషాలు చాలు. ఫోన్ ముట్టుకోకముందే కూర్చుని, ఆ రోజు తప్పకుండా జరగబోయే రెండు సందర్భాలు ఎంచుకోవాలి, అంతకు మించి వద్దు. ‘ఎవరో ఏదో అంటారు’ అనుకుంటే పని జరగదు. ‘పదకొండింటి మీటింగ్‌లో నా లెక్కలను అందరి ముందూ ప్రశ్నిస్తారు’ అన్నంత కచ్చితంగా ఉండాలి. అప్పుడు నేను చేయబోయేది ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. చివర ‘అడ్డేమీ రాకపోతే’ అని కలపాలి. రోమన్ స్టోయిక్ రచయిత సెనెకా కూడా సముద్రయానం గురించి చెబుతూ ఇలాంటి మాటే జోడిస్తాడు. అనుకున్నట్టు జరగకపోతే కుంగిపోకుండా ఆ చిన్న మాటే కాపాడుతుంది.

ఇది చెడేది రెండు చోట్ల. ముందే ఆందోళనపడే స్వభావం ఉన్నవారికి ఈ ఊహలు రోజంతా వెంటాడే దిగులుగా మారతాయి. జరిగినదానికంటే ఊహించుకున్నదానివల్లే మనం ఎక్కువ బాధపడతామని హెచ్చరించినవాడూ సెనెకాయే. రెండోది ఇంకా లోతైన లోపం. కొత్తగా మొదలుపెట్టినవారికి తమ తప్పు ఎక్కడ దొర్లుతోందో ఇంకా తెలియదు. అందుకే వారి పొద్దుటి జాబితా నిండా ఎదుటివాళ్ల లోపాలే ఉంటాయి. తన లోపం తెలియనివాడు దేనికి సన్నద్ధం కావాలి?

రాత్రి లెక్క తేల్చేది దాన్నే. ‘కోపం గురించి’ అన్న గ్రంథం మూడో భాగంలో సెనెకా దీన్ని వర్ణిస్తాడు. సెక్స్టియస్ అనే తాత్వికుడు రోజు ముగిశాక తన మనసును మూడు ప్రశ్నలు అడిగేవాడట: ఇవాళ నీలోని ఏ జబ్బు నయం చేసుకున్నావు, ఏ దుర్గుణాన్ని ఎదుర్కొన్నావు, ఏ విషయంలో మెరుగయ్యావు? సెనెకా కూడా దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉండగా, రోజంతటినీ తిరగేసేవాడు. ఆయన చూపిన ఉదాహరణలు ఎంత కచ్చితంగా ఉన్నాయో గమనించాలి. ఫలానా వాదనలో అతిగా తగవుకు దిగావు, ఫలానా మనిషిని మరీ నిర్మొహమాటంగా మందలించావు, అతను మారలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఇకపై అలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను అంటాడు.

చేసే తీరు ఇదీ. పడుకోవడానికి అరగంట ముందు పది నిమిషాలు. నిద్ర లేచినప్పటి నుంచి వరసగా రోజును తలుచుకుంటూ, ఎక్కువలో ఎక్కువ మూడు ఘటనలు తీసుకోవాలి. ఒక్కోదానికి నాలుగు వరసలు రాయాలి: జరిగింది, అప్పుడు నాలో నేను అనుకున్నది, తగ్గిన గుణం, రేపు చేయబోయేది. మొదటి వరసలో విశేషణాలు ఉండకూడదు. ఒక నమూనా:

‘రాత్రి ఎనిమిదింటికి పిల్లాడు ఏడో ఎక్కం మూడోసారి తప్పు చెప్పాడు. పుస్తకం బల్లమీద కొట్టాను.
అనుకున్నది: వీడు కావాలనే చేస్తున్నాడు.
తగ్గిన గుణం: నిగ్రహం... కాదు, న్యాయం.
రేపు: మూడో తప్పు దగ్గర పుస్తకం మూసి, మంచినీళ్లు తాగి వస్తాను.’

మూడో వరసలోని ఆ కొట్టివేత చాలా విలువైనది. చేయి లేచింది కాబట్టి నిగ్రహం తగ్గిందనే ఎవరికైనా ముందు తోస్తుంది. రెండో వరస చూస్తే మాత్రం, ఆధారం లేకుండా పిల్లాడికి దురుద్దేశం అంటగట్టడం కనిపిస్తుంది. కోపం ఆ తీర్పు నుంచే పుట్టింది. మన పెద్దలు చెప్పిన అరిషడ్వర్గాలకూ దీనికీ తేడా ఇక్కడే. స్టోయిక్కులకు క్రోధం లోపల పొంచి ఉన్న శత్రువు కాదు, మనం ఒప్పుకున్న ఒక తప్పుడు అభిప్రాయం. దాన్ని సరిచేయకుండా పళ్లు బిగబట్టుకుని కూర్చుంటే మర్నాడు మళ్లీ లేస్తుంది.

ఈ సాధన చెడేది ఎక్కువగా ‘క్షమిస్తున్నాను’ అన్న మాట వదిలేసినప్పుడు. అప్పుడది శిక్షలు మాత్రమే పడే కోర్టు అవుతుంది, నాలుగు రోజుల్లో మానేస్తారు. ‘కోపం తగ్గించుకోవాలి’ లాంటి పొడి తీర్మానాలతోనూ ఫలితం ఉండదు. రేపు కాలూ చేయీ చేసే పని ఏదో రాయాలి. నిద్రపట్టనివారు దీన్ని రాత్రి భోజనానికి ముందే ముగించడం మంచిది. తనను తాను నిందించుకుంటూ రోజుల తరబడి కుంగిపోయేవారు ఈ సాధనకు ముందు డాక్టర్‌ను కలవాలి.

పొద్దుటి పద్ధతే ముందు పెట్టుకోవాల్సినవారూ ఉన్నారు. కౌంటర్‌లో కూర్చునేవారు, బస్సు నడిపేవారు, రోజూ ఒకే రకమైన ఒత్తిడి ఎదురయ్యేవారు. మరో స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ ఇచ్చిన, అందరూ వాడే స్నానశాల ఉదాహరణ వీరికి సరిపోతుంది. వెళ్లేముందే అక్కడ నీళ్లు చిందిస్తారు, తోస్తారు, తిడతారు, దొంగిలిస్తారు అని గుర్తుచేసుకుని, నాకు స్నానమూ కావాలి, నా మనసు సరిగా ఉండటమూ కావాలి అనుకోమంటాడు.

ఈ రెండూ వద్దు, కోపం వచ్చిన క్షణంలో ఆగడమే నేర్చుకుంటామనేవారు చాలామంది. ఎపిక్టెటస్ కూడా ముందు కాస్త వ్యవధి సంపాదించమనే చెప్పాడు. కానీ ఒళ్లు వేడెక్కడం, మొహం ఎర్రబడటం వంటి తొలి కదలిక మన చేతుల్లో ఉండదని సెనెకా స్పష్టంగా రాశాడు. దాని వెనకే వచ్చే తీర్పును గుర్తుపట్టాలంటే, ఆ తీర్పు ముందే పరిచయమై ఉండాలి. ఆ పరిచయం రాత్రి పుస్తకంలోనే దొరుకుతుంది.

మూడు నాలుగు వారాలు రాత్రి లెక్క నిలిచాక పొద్దుటిదాన్ని కలపండి. కొత్తగా ఆలోచించే పనిలేదు, నిన్నటి నాలుగో వరసే ఇవాళ్టి మొదటి మాట: ‘ఎనిమిదింటికి ఎక్కాలు. తప్పులు చెబుతాడు, నేర్చుకునేవాడు కదా.’ పుస్తకం అంచున కోపం రాని రోజుకు ఒక చుక్క పెట్టండి. ఎపిక్టెటస్ తన శిష్యులకు చెప్పిన కొలత ఇదే: ముందు రోజూ కోపం వచ్చేది, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి. వరసగా 30 రోజులు రాకపోతే దేవుడికి మొక్కు చెల్లించమన్నాడు.