తెరమీద చూపిన రక్షణ పాలసీలో లేదు: ఆన్‌లైన్‌లో కారు బీమా కొనేవారికి హెచ్చరిక

ఆన్‌లైన్‌లో, ముఖ్యంగా ధరలను పోల్చి చూపే వెబ్‌సైట్ల ద్వారా, కారు బీమా కొనబోతున్నవారికి ఒక విన్నపం. డబ్బు చెల్లించే ముందు తెరమీద చూపినదాన్నీ, చెల్లించాక మెయిల్‌లో వచ్చిన పాలసీ పత్రంలో అచ్చయినదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ ఒకటే అయి ఉండాలి. నా విషయంలో అలా లేదు. దాన్ని సరిచేయమని ఉత్తరాలు రాశాను, సరిచేయకముందే బుడమేరు వాగు పొంగింది.

మాది విజయవాడ. కారు పెట్రోలుది, 1,200 సీసీ ఇంజిన్, కొని నాలుగేళ్లు దాటింది. పాలసీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఒక పోలిక వెబ్‌సైట్‌లో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల మీద తరుగుదల కోయకపోవడం), ఇంజిన్ ప్రొటెక్షన్ (నీరు చేరి ఇంజిన్ పాడైతే రక్షణ) అనే రెండు యాడ్-ఆన్‌లు, అంటే మూల పాలసీకి అదనంగా కొనే రక్షణలు, ఉన్న ప్లాన్‌ను ఎంచుకున్నాను. ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, రూ.4,20,000గా ఆ పేజీ చూపింది. అక్కడి నుంచి బీమా కంపెనీ పేజీకి పంపారు, డబ్బు తీసుకున్నారు, నిమిషాల్లో పాలసీ వచ్చింది. అందులో జీరో డిప్రిసియేషన్ ఉంది, ఇంజిన్ ప్రొటెక్షన్ లేదు. ఐడీవీ రూ.3,80,000 అయింది. నేను అడగని వాలంటరీ డిడక్టిబుల్ రూ.5,000 వచ్చి చేరింది. అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి ఐదు వేలు మనమే భరించాలి. 1,500 సీసీ లోపు కార్లకు ఎలాగూ వర్తించే రూ.1,000 తప్పనిసరి కోత దీనికి అదనం. ఆ వారంలోనే స్క్రీన్‌షాట్లు జత చేసి ఇద్దరికీ రాశాను. పాలసీ ఇచ్చింది కంపెనీ కాబట్టి కంపెనీనే అడగమని వెబ్‌సైట్ రాసింది. వెబ్‌సైట్ పంపిన వివరాలనే అచ్చు వేశామని కంపెనీ రాసింది. సవరణ పత్రం, అంటే ఎండార్స్‌మెంట్, ఎవరూ ఇవ్వలేదు.

2024 ఆగస్టు 31 నుంచి కురిసిన వానకు బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు కాలనీలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లన్నీ మునిగాయి, నీరు రోజుల తరబడి కదలలేదు. నీరు తీశాక కారును స్టార్ట్ చేయలేదు, తాళం చెవి కూడా తిప్పలేదు. బురదతో ఉన్న కారును ఉన్నట్టే ఫొటోలు, వీడియో తీసి, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకుని, ట్రక్కు మీద ఎక్కించి షోరూమ్‌కు పంపాను. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూశాడు. సీట్లు, కార్పెట్లు, వైరింగ్, ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లకు ఒప్పుకున్నాడు. ఇంజిన్ పని మొత్తాన్నీ కొట్టేసి, కారణంగా ‘హైడ్రోస్టాటిక్ లాక్, పర్యవసాన నష్టం’ అని రాశాడు. గమనించండి, అప్పటికి ఇంజిన్‌ను ఎవరూ విప్పనే లేదు.

ఈ మాటను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వరద క్లెయిముల్లో ఎక్కువ తగాదా ఇక్కడే. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుంది. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. గాలి పీల్చుకునే దారిగుండా నీరు సిలిండర్‌లోకి చేరిన తర్వాత స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. హైడ్రోస్టాటిక్ లాక్ అంటే ఇదే. కంపెనీల వాదన ఏమిటంటే, ఆ నష్టం వరద వల్ల నేరుగా రాలేదు, మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల వచ్చింది, కాబట్టి సాధారణ సమగ్ర పాలసీ కిందికి రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ ఉన్నది ఇందుకే. అయితే స్టార్ట్ చేయకుండా నిలిపి ఉంచిన బండిలోకి వరద నీరు చేరి, ఆయిల్‌లో కలిసి, లోపలి భాగాలను తుప్పు పట్టిస్తే అది వరద చేసిన నష్టమే, వరద మూల పాలసీలోనే ఉన్న ప్రమాదం. ఇంజిన్ విప్పి, శుభ్రం చేసి, పాడైన రింగులు, బేరింగులు మార్చిన ఖర్చును అడిగే హక్కు అప్పుడు యాడ్-ఆన్ లేకపోయినా ఉంటుంది.

ఈ రెంటిలో ఏది జరిగిందో ఇంజిన్ లోపలే తెలుస్తుంది. షోరూమ్ వాళ్లు ఇంజిన్ విప్పే రోజున నేను అక్కడే ఉండి, కనెక్టింగ్ రాడ్‌లు వంగలేదని జాబ్‌కార్డు, అంటే షోరూమ్ వాళ్లు పని వివరాలు రాసే పత్రం, మీద రాయించాను, ఫొటోలు తీయించాను. ట్రక్కు రసీదు, సెల్లార్‌లో తీసిన వీడియో, ఈ జాబ్‌కార్డు, ఈ మూడూ లేకపోతే నా మాటకూ సర్వేయర్ మాటకూ మధ్య సాక్ష్యమంటూ ఏదీ ఉండేది కాదు. వరదలో కారు మునిగినవారికి చెప్పేది ఇదే: స్టార్ట్ చేయవద్దు, చేయనివ్వవద్దు. సెల్లార్ నుంచి బయటకు తెస్తామని సరదాగా తాళం చెవి అడిగే కుర్రాళ్లకు కూడా ఇవ్వవద్దు. వీలైతే బ్యాటరీ తీగ విప్పించండి. ఇంజిన్ విప్పే ముందు సర్వేయర్‌కు మెయిల్ పెట్టి మళ్లీ రమ్మనండి. రాకపోతే రాలేదన్న సంగతి కూడా ఆ మెయిల్ వల్ల నమోదవుతుంది.

జీరో డిప్రిసియేషన్‌ను అమ్మేవారు బంపర్ టు బంపర్ అని పిలుస్తారు. ఆ పేరు విని అన్నీ వస్తాయనుకునేవారు చాలామంది. అది చేసేది ఒక్కటే, విడిభాగాల మీద తరుగుదల కోయకుండా ఆపడం. అది లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, బ్యాటరీ మీద 50 శాతం, ఫైబర్‌గ్లాస్ మీద 30 శాతం, లోహపు భాగాల మీద బండి వయసును బట్టి కోస్తారు. నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య ఉన్న బండికి అది 35 శాతం. మునిగిన ఇంజిన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, నట్లు, బోల్టుల వంటివి కూడా ఇందులో రావు, వాటికి కన్స్యూమబుల్స్ అనే వేరే యాడ్-ఆన్ ఉంటుంది.

ఇక తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కారు బీమాలో థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టం) ప్రీమియంను కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు రూ.2,094, 1,000 నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. ఏ కంపెనీ దగ్గరైనా, ఏ వెబ్‌సైట్‌లోనైనా ఇది మారదు, దీనిమీద జీఎస్టీ 18 శాతమూ మారదు. మారేదల్లా ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే భాగం. దానిమీద కంపెనీలు నిజంగానే రాయితీలు ఇస్తాయి, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో నేరుగా కొంటే ఏజెంటు కమీషన్ లేకపోవడం వల్ల కొంత తగ్గడమూ నిజమే. అయితే ఒకే కారుకు ఒక ప్లాన్ మిగతావాటికంటే బాగా చవకగా కనిపిస్తే అది రాయితీయా, ఐడీవీ తగ్గించడమా, డిడక్టిబుల్ పెంచడమా, యాడ్-ఆన్ తీసేయడమా అన్నది విడదీసి చూడాలి. పోలిక పేజీ వరుసలో పైన నిలబడాలంటే ధర తక్కువ ఉండాలి, ధర తగ్గించడానికి అన్నిటికంటే సులువైన మార్గం ఐడీవీని కిందికి జరపడం. నా అభిప్రాయంలో ఆ పేజీల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన అంకె అదే, అందరూ అన్నిటికంటే తక్కువగా చూసే అంకె కూడా అదే.

ఐడీవీ తక్కువైతే కారు దొంగతనం జరిగినప్పుడే కదా నష్టం అనుకోవద్దు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ ఆ బండిని టోటల్ లాస్‌గా, అంటే పూర్తిగా పోయినట్టుగా, లెక్కిస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకరి ఎస్టిమేట్ రూ.2,60,000 వచ్చింది. ఆయన ఐడీవీ రూ.4,20,000 ఉండి ఉంటే 75 శాతం అంటే రూ.3,15,000 కాబట్టి బండిని బాగుచేసి ఇచ్చేవారు. పాలసీలో ఐడీవీ రూ.3,40,000 మాత్రమే ఉంది, అందులో 75 శాతం రూ.2,55,000. ఐదు వేల తేడాతో ఆయన కారు టోటల్ లాస్ అయింది. చేతికి వచ్చిన డబ్బుకు అలాంటి కారు మళ్లీ దొరకదు. ఐడీవీకి ఒక పద్ధతి ఉంది: తయారీదారు ప్రస్తుత అమ్మకపు ధర నుంచి బండి వయసు ప్రకారం తీసేయాలి, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 20 శాతం, మూడు నుంచి నాలుగేళ్ల మధ్య 40 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం. ఐదేళ్లు దాటితే కంపెనీ, యజమాని ఒప్పందం ప్రకారం నిర్ణయించుకుంటారు. కాగితం మీద రెండు నిమిషాల లెక్క ఇది. వెబ్‌సైట్ చూపిన అంకె దీనికి దూరంగా ఉంటే ఎందుకో అడగవలసిందే.

ముందే టిక్ పెట్టి ఉంచే మరో ప్రశ్న, గత ఏడాది క్లెయిమ్ చేశారా అన్నది. ‘లేదు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది, దాని ప్రకారం ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ 20 నుంచి 50 శాతం వరకు తగ్గించిన ధర చూపుతారు. నిజంగా క్లెయిమ్ చేసి ఉంటే దాన్ని మార్చి తీరాలి. లేకపోతే కొన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ టిక్‌ను ప్రమాదం జరిగాక తప్పుడు ప్రకటన అంటారు. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటితే బోనస్ పోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అడగనివాటిని కొనుగోలులో చేర్చడం వంటి మోసపు పద్ధతులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ మాట ప్రస్తావిస్తే మన వాదనకు బలం.

వాట్సాప్‌లో లింకు పంపి సగం ధరకే పాలసీ ఇస్తామనే వారి సంగతి వేరు, అది బీమానే కాదు. పాలసీ వచ్చాక ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి, బీమా కంపెనీ పేరు, గడువు తేదీ సరిపోయాయో లేదో చూసుకుంటే చాలు.

నా క్లెయిమ్‌కు తిరిగి వస్తే, సర్వేయర్ నివేదిక నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడిగాను. అడిగిన పాలసీదారుకు అది ఇవ్వాలి, కాల్ సెంటర్‌లో ఇవ్వబోమని చెప్పినా నమ్మవద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి, పత్రాలు లేవన్న సాకుతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు. నకలు, జాబ్‌కార్డు, వీడియో జత చేసి ముందుగా కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాశాను. పాలసీ నిబంధనను అక్షరం మార్చకుండా తిరిగి రాసి పంపారు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే (155255కు ఫోన్ చేసి కూడా చేయవచ్చు) అదే జవాబు మరింత మర్యాదగా వచ్చింది. ఆ తర్వాత బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లాను. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే దిక్కు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రూ.50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు, వారి తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. 2021 సవరణతో బీమా బ్రోకర్లు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చారు. పోలిక వెబ్‌సైట్లలో కొన్ని బ్రోకరు లైసెన్సు మీదే నడుస్తాయి కాబట్టి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే లైసెన్సు వివరాన్ని స్క్రీన్‌షాట్‌లో పట్టుకోండి.

విచారణ తేదీ రాకముందే కంపెనీ వైఖరి మారింది. ఇంజిన్ విప్పి శుభ్రం చేసిన ఖర్చు, మార్చిన భాగాల ఖర్చు ఇస్తామని, వాలంటరీ డిడక్టిబుల్ రూ.5,000 మాత్రం పట్టుకుంటామని రాసింది. రాజీకి సంతకం పెడితే దాన్ని పూర్తి పరిష్కారంగా లెక్కిస్తారు. షోరూమ్ బిల్లు చేతి నుంచి కట్టి ఉన్నందువల్ల ఒప్పుకున్నాను. ఆ ఐదు వేలు ఎవరి టిక్ వల్ల వచ్చాయో వెబ్‌సైట్ ఇప్పటికీ చెప్పలేదు.

క్లెయిమ్ తిరస్కరించిన లేఖ చేతిలో ఉన్నవారు తేదీ చూసుకోవాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, దాన్ని తిరస్కరించిన జవాబు అందినప్పటి నుంచి అంబుడ్స్‌మన్‌కు వెళ్లడానికి ఏడాది గడువు ఉంటుంది. అది దాటినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల వరకు వెళ్లవచ్చు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయవచ్చు, కట్టిన ప్రీమియం రూ.5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. రెండు చోట్లా ఒకేసారి వేయకూడదు. ఫోన్‌లో తిరస్కరించి లేఖ ఇవ్వకపోతే, కారణం రాతపూర్వకంగా పంపమని ఈరోజే మెయిల్ పెట్టండి.