సిటీస్ స్కైలైన్స్ 2: రోడ్లు అదిరాయి, ఊరే నిలబడలేదు

సినిమా చూసొచ్చినవాళ్లని ఎలా ఉందని అడిగితే "సెకండాఫ్ ల్యాగ్" అంటారే, ఈ ఆటకీ మొదటి రోజే అదే టాక్ పడిపోయింది. కాకపోతే ఇక్కడ ల్యాగ్ అంటే నిజంగా ల్యాగే. 2023 అక్టోబర్ 24న పీసీకి విడుదలైన ఈ నగరాలు కట్టే ఆట, సిటీస్ స్కైలైన్స్ 2, ఆర్‌టీఎక్స్ 3080 లాంటి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద కూడా హై సెట్టింగ్స్‌లో ఈడ్చుకుంటూ నడిచింది. ఆ తర్వాత బోలెడు ప్యాచ్‌లు, అంటే సవరణలు, వచ్చాయి, ఇప్పుడు పరవాలేదనిపించేలాగే ఆడుతుంది. అయినా పాత అభిమానుల కోపం చల్లారలేదు. ఎందుకంటే అసలు గొడవ ఫ్రేముల గురించి, అంటే తెర మీద బొమ్మ ఎంత చకచకా కదులుతుందన్న దాని గురించి కాదు. రోడ్లు వేయడానికి ఇంత మంచి పనిముట్లిచ్చి, ఆ రోడ్ల పక్కన పెరిగే ఊరి లెక్కల్ని ఉత్తుత్తిగా వదిలేశారు.

కొంచెం వెనక్కెళ్తే గానీ ఈ కోపం అర్థం కాదు. 2013లో వచ్చిన సిమ్‌సిటీ, ఇంటర్నెట్ లేనిదే తెరుచుకోనని మొరాయించింది. విడుదల రోజుల్లోనే సర్వర్లు చేతులెత్తేశాయి. నగరం కట్టుకోవడానికి ఇచ్చిన స్థలం కూడా అరచేయంతే. ఆ ఖాళీలోకి 2015 మార్చి 10న ఫిన్లాండ్‌లోని టాంపెరె నుంచి కొలోసల్ ఆర్డర్ అనే చిన్న స్టూడియో మొదటి సిటీస్ స్కైలైన్స్‌ని దింపింది. సిమ్‌సిటీ చేసిన మ్యాక్సిస్ ఎమెరీవిల్ స్టూడియో మూతపడింది కూడా ఆ నెలలోనే. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ ఆటని బతికించింది ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని వర్క్‌షాప్‌లో జనం చేసిపెట్టిన మోడ్‌లూ (ఆటలో మార్పుచేర్పులు) భవనాలే. సీక్వెల్‌కి ఆ వర్క్‌షాపే లేదు. ఆ సంగతి తర్వాత.

ముందు బాగున్నది చెప్పుకోవాలి, ఎందుకంటే నిజంగానే చాలా బాగుంది. ఓఆర్ఆర్ మీంచి గచ్చిబౌలి దగ్గర దిగే లాంటి ఇంటర్‌ఛేంజ్ ఒకటి కట్టాలనుకోండి. కొత్త నగరం మొదలుపెట్టేటప్పుడే ఎడమవైపు ట్రాఫిక్ ఎంచుకోవాలి, తర్వాత మార్చలేరు. ప్యారలల్ మోడ్ ఆన్ చేస్తే రెండు వన్‌వే హైవేలూ ఒకే గీతలో, ఎదురెదురు దిశల్లో పడతాయి. ఒక్కో నొక్కుకి ఎంత ఎత్తు పెరగాలన్న అడుగుని 10 మీటర్లకి పెట్టి పేజ్ అప్ ఒకసారి నొక్కితే కింద రోడ్డు దాటే ఫ్లైఓవర్ సిద్ధం. ర్యాంపుకి వచ్చేసరికి అడుగుని 2.5కి తగ్గించి ముక్కలుముక్కలుగా ఎక్కించండి. ఒకే దెబ్బలో ఎక్కిస్తే వాలు ఎక్కువైందని ఆట ఒప్పుకోదు.

అందరూ తప్పు చేసేది లేన్ల లెక్క దగ్గర. మూడు లేన్ల హైవేలోంచి ఒక లేన్ ర్యాంపు బయటికి తీస్తే, ఆ తర్వాతి ముక్కని రెండు లేన్లకి కుదించాలి. అవతల ఎక్కే ర్యాంపు కలిసిన చోట మళ్లీ మూడు చేయాలి. మూడుకి మూడూ అలాగే ఉంచి పక్కనుంచి ఇంకో లేన్ కలిపితే, నాలుగు లేన్ల బండ్లు మూడింట్లోకి దూరాలి కాబట్టి, అందరూ ఒకేచోట బ్రేకేసి అడ్డంగా దూసుకెళ్తారు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మెహిదీపట్నం వైపు దిగేచోట సాయంత్రం ఆరింటికి కనిపించే బొమ్మే. ఇంకోటి, రెండు జంక్షన్ల మధ్య ముక్క మరీ పొట్టిగా ఉండకూడదు. లేన్ మారడానికి చోటు చాలక క్యూ వెనక్కి పాకి, వెనక జంక్షన్‌నీ మూసేస్తుంది. పెద్ద రోడ్ల కూడళ్లలో ఆట తనంతట తానే సిగ్నల్ పెట్టేస్తుంది. అవసరం లేనిచోట రోడ్ సర్వీసెస్ మెనూలోకి వెళ్లి తీసేయండి, సగం జామ్ అక్కడే విడిపోతుంది.

పార్కింగ్ కూడా నిజమే ఇందులో. పెట్టడానికి చోటు లేకపోతే అమీర్‌పేట సందుల్లో లాగే బండి వెతుక్కుంటూ తిరుగుతుంది. బయల్దేరే మనిషి సమయం, ఖర్చు, సౌకర్యం లాంటివన్నీ చూసుకుని దారి ఎంచుకుంటాడు. మొదటి భాగంలో ఇంత తెలివి లేదు. మ్యాప్ కూడా పెద్దది: 441 టైల్స్ (కొనుక్కునే స్థలం ముక్కలు), మొత్తం 159 చదరపు కిలోమీటర్లు. 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడకముందు పాత ఎంసీహెచ్ హద్దుల్లో ఉన్న హైదరాబాద్ కూడా కాస్త అటూఇటూగా అంతే.

మరి ల్యాగ్ ఎందుకొచ్చింది? అభిమానులు పట్టుకుని ఆడించింది పళ్లని. ఆకాశంలోంచి చీమల్లా కనిపించే ప్రతి మనిషి నోట్లోనూ పూర్తి పలువరుస మోడల్ చేసి ఉంది. నవ్వు తెప్పించే సంగతే గానీ, తప్పంతా పళ్లదే అనుకోవడం పొరపాటు. ఏ ఆటలోనైనా వస్తువు దూరమయ్యేకొద్దీ దాని బదులు తక్కువ వివరాలున్న నకలు చూపిస్తారు, దాన్నే ఎల్‌ఓడీ అంటారు. ఇక్కడ మనుషులకీ, చాలా చిన్నాచితకా సామానుకీ ఆ నకళ్లు సరిగ్గా చేయకుండానే వదిలేశారు. దాంతో కిలోమీటరు అవతలున్న దుంగల కుప్పని కూడా కార్డు దగ్గరున్నంత శ్రద్ధగా గీస్తూ కూర్చుంది. అనుకున్న పనితీరు అందుకోలేకపోయామని విడుదలకి ముందే కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకుని మరీ అమ్మింది. కోపం రాకేం చేస్తుంది.

ఇప్పుడు ఆడేవాళ్లు గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌ని ఈ వరసలో మార్చండి. మొదట రిజల్యూషన్ 1080పీకి దించండి. తర్వాత డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఆఫ్, వాల్యూమెట్రిక్స్ ఆఫ్, మోషన్ బ్లర్ ఆఫ్. గ్లోబల్ ఇల్యూమినేషన్ లో. ఇక్కడితోనే పెద్ద తేడా వస్తుంది. ఇంకా చాలకపోతే నీడల్ని మీడియం చేసి చూడండి. లెవెల్ ఆఫ్ డీటైల్‌ని ఆఖర్నే ముట్టుకోవాలి, అది తగ్గిస్తే పక్క వీధి భవనాలే మట్టిముద్దల్లా కనిపిస్తాయి.

అసలు ఇబ్బంది జనాభా లక్షకి దగ్గరపడ్డాక మొదలవుతుంది. అప్పుడు కష్టమంతా ప్రాసెసర్‌ది. ఫ్రేములు బాగానే ఉంటాయి, కాలమే నడవదు. మూడో స్పీడ్ నొక్కినా మొదటి స్పీడ్‌లా పాకుతుంది. మొదటి భాగంలో బండ్లకీ మనుషులకీ ఒక గరిష్ఠ సంఖ్య ఉండేది. ఇందులో అలాంటి కట్టడి లేదు, మీ ప్రాసెసర్ ఓపికే హద్దు. కాబట్టి ఈ ఆట కోసమే కార్డు మారుద్దామని సికింద్రాబాద్ సీటీసీకి బయల్దేరేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. కంపెనీ రికమెండెడ్‌గా చెప్పింది ఐ5-12600కే లేదా రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3080. ప్రాసెసర్ పాతదైతే కొత్త కార్డు పెట్టినా పెద్ద ఊళ్లలో మీకు ఒరిగేది తక్కువ. కొనేదేదైనా, చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో ముందే అడగండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకపోతే వారంటీకి తిరగలేరు. ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకి ఏప్రిల్, మే నెలల్లో ఇంకో చిక్కు. ఏసీ లేని గదిలో ప్రాసెసర్ వేడెక్కి వేగం తానే తగ్గించుకుంటుంది. ఆ నింద కూడా ఆట మీదే వేసి తిట్టేవాళ్లున్నారు.

ఇక ఊరి లెక్కలు. విడుదలైనప్పుడు ప్రభుత్వ సబ్సిడీ పేరుతో ఆట చాటుగా డబ్బు పోసేది. పద్దులో మైనస్ కనిపిస్తున్నా ఖజానా ఖాళీ అయ్యేది కాదు. ఎక్కడ ఏం కట్టినా ఓడిపోలేని ఆటలో గెలుపుకి విలువేముంటుంది? అభిమానుల్లో లెక్కలు విప్పి చూసినవాళ్లకి ఎక్కువ మండింది ఇక్కడే, వాళ్ల కోపం నూటికి నూరుపాళ్లు న్యాయం. 2024 జూన్‌లో ఎకానమీ 2.0 ప్యాచ్‌తో సబ్సిడీ ఎత్తేశారు. కొన్న టైల్స్‌కి నిర్వహణ ఖర్చు పెట్టారు. అద్దె లెక్క మార్చారు. ఆట ఆటగా మారింది అప్పుడే, అంటే డబ్బు కట్టించుకున్న ఎనిమిది నెలలకి.

ఆ ప్యాచ్‌కి ముందు కట్టిన సేవ్ తెరిస్తే ఖజానా ఎర్రబడటం ఖాయం, దాన్ని లాక్కురావడం కంటే కొత్తది మొదలుపెట్టడం మేలు. కొత్త నగరంలో మొదట ఒక గాలిమర, నదిలోంచి నీళ్లు తోడే ఒక పంపు, ప్రవాహానికి దిగువన ఒక మురుగు అవుట్‌లెట్ చాలు. పంపుని అవుట్‌లెట్‌కి దిగువన పెడితే ఏమవుతుందో మూసీ ఒడ్డున ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆస్పత్రి, కాలేజీ అన్‌లాక్ అయ్యాయి కదాని వెంటనే కట్టేయకండి. రోగి ఒక్కడూ రాకపోయినా వాటి నిర్వహణ ఖర్చు నెలనెలా పోతూనే ఉంటుంది. ఇళ్ల మీద అద్దె ఎక్కువన్న గుర్తు వరసగా వస్తుంటే పన్ను తగ్గించడం ఒక్కటే మందు కాదు. భూమి ధర పెరిగినచోట విడి ఇళ్ల జోన్ ఉంచడమే తప్పు. కొండాపూర్‌లో ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకి వెతికినట్టే అది. అక్కడ మీడియం డెన్సిటీ గానీ తక్కువ అద్దె ఇళ్ల జోన్ గానీ వేస్తే గుర్తులు పోతాయి.

మోడ్‌ల సంగతి. వర్క్‌షాప్ బదులు, ఆటని ప్రచురించిన కంపెనీ పారడాక్స్ పేరుతో పారడాక్స్ మోడ్స్ అనే సొంత దుకాణం పెట్టారు, అది కూడా విడుదలైన ఐదు నెలలకి, 2024 మార్చిలో. జనం తమ సొంత భవనాలు చేసి ఎక్కించే ఎడిటర్ అయితే ఏళ్లు పట్టింది. ఫ్రాన్స్, జర్మనీ, జపాన్, బ్రిటన్ శైలి భవనాల ప్యాక్‌లు ఉచితంగా ఇచ్చారు, అవి నిజంగా మంచి పని. ఇండియా ప్యాక్ మాత్రం లేదు. ఆటో లేదు, ఇరానీ హోటల్ లేదు, వాటర్ ట్యాంకర్ కోసం బకెట్ల లైను అంతకన్నా లేదు. 2025 చివరిదాకా సైకిళ్లకే దిక్కులేదు లెండి. మోడ్‌లు వాడేవాళ్లు ప్యాచ్ వచ్చిన రోజున ఆట తెరవకుండా ఉండటమే మంచిది. ముందు సేవ్ ఫోల్డర్‌ని వేరేచోటికి కాపీ చేసుకుని, మోడ్‌లన్నీ ఆఫ్ చేసి, అప్‌డేట్ అయినవాటినే ఒక్కొక్కటిగా ఆన్ చేయండి. ఆటోసేవ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. యూపీఎస్ లేని ఇంట్లో కరెంటు పోతే గంటసేపు కట్టిన ఫ్లైఓవర్ పోయినట్టే.

ఇంత అప్పు తీర్చకుండానే 2024 మార్చిలో బీచ్ ప్రాపర్టీస్ అనే అదనపు ప్యాక్‌ని డబ్బుకి అమ్మారు. పేరు బీచ్, ఇసుక తీరం వేసుకునే పనిముట్టు మాత్రం అందులో లేదు. స్టీమ్‌లో అంత ఘోరమైన రేటింగ్ తెచ్చుకున్నవి తక్కువ. నెల తిరక్కముందే క్షమాపణ చెప్పి, డబ్బు వెనక్కిచ్చి, ప్యాక్‌ని ఉచితం చేశారు. రాబోయే ప్యాక్‌లకీ కలిపి ముందే డబ్బు కట్టి అల్టిమేట్ ఎడిషన్ కొన్నవాళ్లకి డబ్బు రాలేదు, వేరే ప్యాక్‌లూ రేడియో స్టేషన్లూ ఇచ్చి సరిపెట్టారు. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ కట్టింది వాళ్లే. 2025 నవంబర్‌లో కొలోసల్ ఆర్డర్, పారడాక్స్ విడిపోతున్నట్టు ప్రకటించాయి. 2026 నుంచి బాధ్యత ఐస్‌ఫ్లేక్ స్టూడియోస్‌ది, అది కూడా టాంపెరెదే.

కొనాలా? రోడ్లు, జంక్షన్లు గీయడమే సరదా అనుకునేవాళ్లు సేల్‌లో బేస్ గేమ్ ఒక్కటే తీసుకోండి, పెద్ద ఎడిషన్ల జోలికి పోవద్దు. మొదటి భాగంలో వందల మోడ్‌లతో ఊరు కట్టుకుని హాయిగా ఉన్నవాళ్లు ఇంకా అక్కడే ఉండొచ్చు, పోగొట్టుకునేదేమీ లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితేనే స్టీమ్ మామూలుగా డబ్బు వెనక్కిస్తుంది. ఆ రెండు గంటల్లో మీరు కట్టేది పదివేల జనాభా దాటని చిన్న ఊరే, అది చాలా సిస్టమ్‌ల మీద చక్కగానే ఆడుతుంది. తడబాటు మొదలయ్యేసరికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే కొన్న రోజే, మోడ్‌లు వాడకుండా లక్ష జనాభా దాటించిన సేవ్ ఫైల్ ఒకటి తెలిసినవాళ్ల దగ్గర తీసుకుని తెరవండి. మూడో స్పీడ్‌లో పెట్టి ఓ పావుగంట గడియారం కదులుతుందో లేదో చూడండి. కదలకపోతే అప్పుడే వెనక్కిచ్చేయండి.