జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

ఈ కారు పేరెత్తితే చాలు, ఇక్కడ బ్రిటన్‌లో ఎవరైనా జాగ్వార్ వాళ్ల పాత స్పోర్ట్స్ కారు ఈ-టైప్‌తో పోలిక మొదలుపెడతారు. దీనికి అన్యాయం జరిగిందే అక్కడ. 1975లో ఈ-టైప్ స్థానంలో దీన్ని దింపేసరికి జనం మరో స్పోర్ట్స్ కారు వస్తుందనుకున్నారు, తీరా చూస్తే కాస్త ఒళ్లు చేసిన, మెత్తగా సాగిపోయే గ్రాండ్ టూరర్, అంటే దూర ప్రయాణాల కారు, వచ్చింది. వెనక అద్దానికి అటూ ఇటూ డిక్కీ మీదికి జారే ఆ రెక్కల్ని చూసి మొహం చిట్లించారు. వీటికి రూపమిచ్చింది ఈ-టైప్ గీసిన మాల్కం సేయరే మరి! పాపం, కారు బయటికి రాకముందే 1970లో పోయాడు. దానికి తోడు, పెట్రోలు సంక్షోభం ఇంకా మరుపుకు రాని రోజుల్లో 5.3 లీటర్ల వీ12 (12 సిలిండర్ల) ఇంజిన్ అంటే కొనేవాడు జంకడా?

1981లో వచ్చిన హెచ్‌ఈ (హై ఎఫిషియెన్సీ) మోడల్ దీన్ని నిలబెట్టింది. మైకేల్ మే అనే స్విస్ ఇంజినీరు డిజైన్ చేసిన సిలిండర్ హెడ్‌తో పెట్రోలు ఖర్చు తగ్గింది, లోపల చెక్క పనితనం కూడా వచ్చింది. నాది ఆ రకమే. తగ్గిందన్నానని ఆశపడకండి, బర్మింగ్‌హామ్ ట్రాఫిక్‌లో లీటరుకు 5 కిలోమీటర్లు వస్తే గొప్ప. 40 ఏళ్లు దాటిన కారని రోడ్ ట్యాక్స్ లేదు గానీ, ఆ మిగులంతా బంకులోనే పోస్తున్నా.

మోటార్‌వే ఎక్కితే మాత్రం దీని దారే వేరు. 70 మైళ్ల వేగంలో ఇంజిన్ ఉందా లేదా అనిపిస్తుంది, స్కాట్లండ్‌లో దిగినా నడుం పట్టేయదు. స్టీరింగ్ మరీ తేలిక, చక్రాల కింద ఏముందో చేతికి తెలీదు. 1984లో యూరోపియన్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌ను రేసర్ టామ్ వాకిన్‌షా ఈ కారుతోనే గెలిచాడంటే నాకిప్పటికీ వింతే. వెనక సీటు పేరుకే, ఇండియా నుంచి అత్తయ్య, మావయ్య వస్తే ఎయిర్‌పోర్టుకు వేరే కారు తీయాల్సిందే.

బానెట్ ఎత్తితే మాత్రం గుండె గుభేల్‌మంటుంది. ఎటు చూసినా గొట్టాలూ వైర్లే. ముందువైపు ప్లగ్గులు ఏసీ కంప్రెసర్ కింద ఇరుక్కుని ఉంటాయి, మొత్తం 12 మార్చేసరికి వేళ్లు గీరుకుపోతాయి. రెండు వరుసల సిలిండర్ల మధ్య వేడి చేరి పెట్రోలు గొట్టాల రబ్బరు బిరుసెక్కుతుంది, పగిలితే నిప్పంటుకోవచ్చు, కాబట్టి బాగానే ఉన్నాయి కదా అని వదిలేయకుండా ముందే మార్చేయండి, ఇక్కడ పిసినారితనం వద్దు. వెనక బ్రేకులేమో చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) పక్కన పెట్టారు, ప్యాడ్లు చూడాలన్నా కిందికి దూరాలి.

కొనేవాళ్లు తక్కువ తిరిగిందని మురిసిపోకుండా సర్వీసు బిల్లులు అడగండి, తుప్పు కోసం తలుపుల కింది అంచులు, ముందు అద్దం చుట్టూ వేలితో తడిమి చూడండి. పనులన్నీ సులువుగా అవ్వాలంటే 1991 తర్వాతి 4.0 లీటర్ల ఆరు సిలిండర్లది తీసుకోండి. నేనైతే వీ12కే ఓటేస్తా.