బీప్ వింటే చాలు: చేతి పల్స్ ఆక్సిమీటర్‌తో ఆరు నెలలు

మా థియేటర్ నుంచి రికవరీ రూముకి వెళ్లాలంటే పొడవాటి వరండా దాటాలి. మత్తు డాక్టర్‌గా నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే చోటు అదే. ఇటు పెద్ద మానిటర్ ఉంటుంది, అటు ఇంకోటి ఉంటుంది. మధ్యలో మాత్రం ఏమీ ఉండదు. గొంతులోని శ్వాస గొట్టం అప్పుడే తీసి ఉంటాం, మత్తు పూర్తిగా దిగి ఉండదు. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడినా, చూసేవాళ్లకి పేషంట్ హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆ దారి కోసమే ఆరు నెలల కిందట ఈ ఆక్సిమీటర్ తెప్పించుకున్నాం. అరచేతిలో పట్టేంత యంత్రం, వైరు చివర వేలికి పెట్టే ప్రోబ్, చార్జింగ్ బ్యాటరీ.

దీని విలువంతా శబ్దంలో ఉంది. నాడి కొట్టుకున్న ప్రతిసారీ ఒక బీప్. సాచ్యురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, తగ్గేకొద్దీ బీప్ శ్రుతి కూడా దిగుతుంది. తెర వైపు చూడనక్కర్లేదు.

రెండో వారంలోనే దాని అవసరం తెలిసొచ్చింది. బాగా లావుగా ఉన్న మనిషి, పిత్తాశయం ఆపరేషన్. ట్రాలీ తోస్తూ, నొప్పికి ఏ మందు ఎప్పుడిచ్చామో సిస్టర్‌కి చెబుతున్నాను. బీప్ ఒక మెట్టు దిగింది. మాట ఆపేశాను. ఇంకో మెట్టు దిగింది. తెర మీద 91. ఛాతీ, పొట్ట కదులుతూనే ఉన్నాయి, కానీ మాస్క్ మీద ఆవిరి పట్టడం లేదు. అంటే గాలి లోపలికి వెళ్లడం లేదు. "ఆపండి సిస్టర్" అని దవడ రెండు వైపులా పట్టి ముందుకు లాగాను. గుర్రుమని ఒక పెద్ద శ్వాస వచ్చింది, మాస్క్ లోపల తెల్లగా ఆవిరి కమ్మింది. అయినా అంకె 88కి దిగింది. కొత్త ఆక్సిజన్ కలిసిన రక్తం ఊపిరితిత్తుల నుంచి వేలి దాకా రావాలి కదా, ఆ ఆలస్యం ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి, పట్టుకున్న దవడ వదిలేస్తారు. వదలకూడదు. కాసేపటికి బీప్ మెల్లగా పైకెక్కింది.

91కే అంత హడావిడి ఎందుకని ఒక జూనియర్ అడిగాడు. సాచ్యురేషన్ 90 ఉందంటే ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం దాదాపు 60 మిల్లీమీటర్ల పాదరసానికి పడిపోయినట్టు. అక్కడి నుంచి కిందికి నిటారు వాలే. 98 నుంచి 91కి దిగేదాకా మనకి టైం ఉంటుంది, ఆ తర్వాత ఉండదు.

దీనికి ముందు వేలికి క్లిప్పులా తగిలించే చిన్నది వాడేవాళ్లం. అందులో అంకె తప్ప నాడి అల, అంటే ప్రతి నాడికీ తెర మీద లేచి పడే గీత, కనిపించేది కాదు. చేతులు చల్లబడిపోయిన ఒక పెద్దావిడకి 83 చూపిస్తే అందరం పరుగెత్తాం, తీరా చూస్తే ఆవిడ చక్కగా మాట్లాడుతోంది. ఇందులో అల కనిపిస్తుంది కాబట్టి ఏ అంకెని నమ్మాలో తెలుస్తుంది. నిజానికి ఈ యంత్రం పుట్టిందే ఆ అలలోంచి. 1970ల్లో జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగి వేరే కొలత కోసం పనిచేస్తుంటే నాడి అలలు అడ్డొచ్చాయి. వాటిని తీసేసే దారి వెతుకుతూ, వాటితోనే ఆక్సిజన్ కొలవచ్చని 1974లో చూపించాడు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది అలారం హద్దు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే అది 85కి వెళ్లిపోతుంది. నాకు 92 కావాలి. ప్రతి పేషంట్‌కీ మళ్లీ పెట్టుకోవాల్సిందే, మర్చిపోతే అలారం మోగేసరికి ఆలస్యమైపోయినట్టే. ఇది చిన్న విషయం కాదు, తయారీదారుకి రాశాను కూడా. ప్రోబ్ స్ప్రింగ్ నాలుగో నెలకే వదులైంది. థియేటర్ లైటు నేరుగా పడితే అంకె ఊగుతుంది, పైన గుడ్డ కప్పాలి.

కొన్ని పరిమితులు మాత్రం ఏ ఆక్సిమీటర్‌కైనా ఉండేవే. చర్మం ముదురు రంగులో ఉంటే అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, అందుకే అలాంటివాళ్లలో 92ని నేను నిశ్చింతగా తీసుకోను. పొగలో చిక్కుకున్నవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా 98 అంటుంది. ముఖ్యంగా, ఇది ఆక్సిజన్ సంగతి చెబుతుంది తప్ప శ్వాస సంగతి చెప్పదు. మాస్క్‌తో ఆక్సిజన్ పోతుంటే నిమిషానికి ఐదు శ్వాసలే తీసుకుంటున్నా బీప్ హాయిగా మోగుతూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. అందుకే ఒక చెయ్యి ఎప్పుడూ మాస్క్ దగ్గరే ఉంచుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో, మత్తు ఇచ్చే ముందు ఆక్సిమీటర్ పెట్టారా, పనిచేస్తోందా అన్న ప్రశ్న ఉంది. మేము థియేటర్ తలుపు దాటే ముందు కూడా అదే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. రెండో యంత్రం కావాలని రాసిచ్చాను, ఈసారి పిల్లల ప్రోబ్‌తో కలిపి.