క్లచ్ గట్టి, మాస్టరు ఇంకా గట్టి

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 43 ఏళ్లు. మా ఇంటి దగ్గరి ఈ డ్రైవింగ్ స్కూల్లో 20 రోజుల కోర్సుకు 6,000 తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ఆరున్నరకు రావాల్సిన బండి ఏడుకు వస్తుంది. పాత ఆల్టో, ఏసీ పనిచేయదు. క్లచ్ తొక్కీ తొక్కీ మొదటి వారం మోకాలు వాచింది.

అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నాను. అది తొమ్మిదో రోజు వల్ల.

బాలాజీ కాలనీ దగ్గర తెల్లకర్ర పట్టుకున్న ఒకాయన రోడ్డు దాటబోతున్నారు. బండి వస్తోందని తెలియాలి కదా అని హారన్ కొట్టాను. ఆయన వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. మాస్టరు తన వైపు బ్రేకు తొక్కేశారు. "హారన్ కొడితే మీరు ఆగినట్టా అక్కా, వస్తున్నట్టా? ఆయనేమనుకోవాల?" అన్నారు. టెన్షన్‌లో అద్దంలోంచి "పోండి, పోండి" అని చెయ్యి ఊపాను. ఎవరికి ఊపుతున్నానో అర్థమయ్యేసరికి తల ఎత్తలేకపోయాను. మాస్టరు మాత్రం నవ్వలేదు. "ఎల్ఎల్ఆర్ పరీక్షలో ఏం పెట్టినారు?" అని అడిగారు.

నిజమే, లెర్నర్ లైసెన్సుకు రాసే ఆ పరీక్షలో ఈ ప్రశ్న ఉంటుంది. అంధులు తెల్లకర్రతో రోడ్డు దాటుతుంటే ఆ కర్రనే ఆగమనే ట్రాఫిక్ గుర్తుగా తీసుకుని బండి ఆపాలి. బట్టీ పట్టి సరిగ్గానే పెట్టాను, మార్కు కూడా వచ్చింది.

దూరం నుంచే వేగం తగ్గించి, బాగా ఎడంగా ఆపమన్నారు. కర్ర మనిషి కంటే ముందు వస్తుంది, చక్రం కింద పడితే విరిగిపోతుంది. ఆగిన చోట ఇంజన్‌ను రయ్యిమనిపించకూడదు. అవతలి అంచు ఎక్కేదాకా కదలకూడదు.

మర్నాడు బండి పక్కకు పెట్టించి, అద్దాలు దించి, కళ్లు మూసుకోమన్నారు. ఏది ఎటు నుంచి వస్తోందో చెప్పాలి. బస్సు చెప్పాను, ఆటో చెప్పాను, బుల్లెట్ అయితే సందు మలుపులోనే చెప్పాను. ఎలక్ట్రిక్ స్కూటర్ మోచేతి పక్కనుంచి పోయినా తెలియలేదు. మా ఇంట్లో ఉన్నదీ అదే. చప్పుడు లేదని మురిసిపోతూ రోజూ కూరగాయలకు దాని మీదే పోతాను.

లైసెన్సు మొదటిసారికే వచ్చింది. రివర్సు మాత్రం సరిగ్గా నేర్పలేదు, ఇప్పటికీ మా సందులో మా ఆయన దిగి చూపించాల్సిందే. ఆ ఒక్క స్టారు తగ్గింది అందుకే. వచ్చే ఏడాది మా అబ్బాయికి 18 నిండుతాయి, వాణ్ణీ ఇక్కడే చేరుస్తాను. రసీదు చేతికొచ్చాకే డబ్బు ఇస్తాను.