మిద్దెతోటలో టమోటా మిగిలితే సీసాకెత్తాలా, వరుగు చేయాలా?

సంక్రాంతి దాటిందంటే తిరుపతిలో మిద్దెతోటలు పెట్టుకున్నవాళ్లు అడిగేది ఒకటే. టమోటాలన్నీ ఒక్కసారే పండుతున్నాయి, మటిక్కాయలూ (గోరుచిక్కుడు) వంకాయలూ కోసేకొద్దీ వస్తున్నాయి, ఇరుగుపొరుగుకు పంచినా మిగులుతున్నాయి. సీసాల్లో పెట్టి ఉడికించి మూత బిగిస్తే మేలా, ఎండబెడితే మేలా, ఫ్రీజర్‌లో పెట్టేస్తే సరిపోతుందా?

ఫ్రీజర్ సులువే. కడిగి, తడి లేకుండా తుడిచి, కవర్లో వేసి పెట్టేయొచ్చు. కాకపోతే మన ఇళ్లలో ఉండే ఫ్రీజర్‌లో ఎంత పడుతుంది? ఎండాకాలం కరెంటు గంటల తరబడి పోతే అంతా నీరుకారుతుంది. ఇక ఊరగాయ అందరికీ తెలిసిందే. కానీ ఊరగాయ పెట్టిన టమోటా మళ్లీ రసంలోకి రాదు.

అసలు పోటీ సీసాకూ ఎండకూ మధ్యే. నన్నడిగితే దాన్ని తేల్చేది పులుపు. ఖర్చు, శ్రమ, రుచి అన్నీ ఆ తర్వాతే.

క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది. దాని బీజాలు మరిగే నీళ్లలో కూడా చావవు. గాలి ఆడనిచోట, పులుపు లేనిచోట మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. బిగించిన సీసాలో గాలి ఆడదు కదా. ఆ విషం చేరిన కాయగూర రంగు మారకపోవచ్చు, వాసన కూడా రాకపోవచ్చు. తిన్నవాళ్లకు మాత్రం నరాలు పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. పీహెచ్ 4.6 కంటే తక్కువగా, అంటే పులుపు తగినంత ఉంటే ఆ బీజం మొలవదు. అందుకే మటిక్కాయ, బెండ, వంకాయ, బీన్స్ ఇంట్లో సీసాకెత్తొద్దని గట్టిగా చెబుతాను. "కుక్కర్లో నాలుగు విజిల్స్ వేయిస్తే?" అని చాలామంది అడుగుతారు. వద్దు. మన కుక్కర్ చిన్నది, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. సీసా నడిమధ్యకు కావలసినంత వేడి కావలసినంతసేపు అందిందని నమ్మకం లేదు.

టమోటా సంగతి వేరు. దాని పీహెచ్ సుమారు 4.3 నుంచి 4.9 దాకా ఉంటుంది, అంటే సరిగ్గా హద్దు మీద. నాలుకకు పుల్లగా తగిలినంత మాత్రాన నమ్మకూడదు. అరలీటరు సీసాకు పావు టీస్పూను నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, వేయాలి. నిమ్మరసం కన్నా నాకు ఇదే నయమనిపిస్తుంది, ఎందుకంటే కాయకూ కాయకూ పులుపు మారుతుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పచ్చిమిరప, తాలింపు ఏవీ సీసాలో పడకూడదు. అవి పులుపును తగ్గిస్తాయి. అవన్నీ వండేటప్పుడు వేసుకుందాం.

చిదిమి ఉడికించిన గుజ్జును వేడివేడిగా, పైన అర అంగుళం వదిలి నింపాలి. మూతల మీద అంగుళం నీళ్లు నిలిచేలా ముంచి, నీళ్లు మరగడం మొదలయ్యాక తిరుపతిలో 35 నిమిషాలు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు 40 నిమిషాలు ఉంచాలి. ఎత్తు పెరిగితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఆ అయిదు నిమిషాలు తప్పవు. మందపాటి గాజు సీసా, కొత్త మూత వాడండి. చల్లారాక మూత నడుమ లోపలికి గుంటపడి ఉండాలి. వేలితో నొక్కితే టక్కుమని కిందికీ పైకీ ఆడిందంటే మూత గాలి చొరకుండా బిగుసుకోలేదన్నమాట. దాన్ని అదేరోజు ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయండి. నెలల తర్వాత తీసినప్పుడు మూత ఉబ్బి కనిపిస్తే రుచి కూడా చూడకుండా పారేయండి.

ఎండబెట్టడంలో ఈ భయం లేదు. నీళ్లు పోయాక సూక్ష్మజీవులు పెరగలేవు. మన ఎండ ఊరికే వస్తుంది, గ్యాస్ ఖర్చు లేదు. కిలో టమోటా ఎండితే వంద గ్రాములు కూడా నిలవదు, చిన్న డబ్బాలో పట్టేస్తుంది. మటిక్కాయ వరుగు నూనెలో వేయించి పప్పన్నంలో నంచుకుంటే ఆ రుచి సీసాలో ఎక్కడిది? కాకపోతే టమోటా వరుగులో పచ్చి టమోటా వాసన పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు ఆరబెడితే బూజే. వరుగు చేతిలో విరిగితే ఎండినట్టు, వంగితే ఇంకా తడి ఉన్నట్టు.

అందుకే నేను టమోటాను సీసాకెత్తుతాను, మిగతావన్నీ ఎండలో వేస్తాను. ఒక్కటే చేయగలనంటే ఎండే మేలంటాను. నిమ్మ ఉప్పు కొలతలో, మరిగే సమయంలో పట్టింపు లేనివాళ్లు సీసా జోలికి పోకపోవడమే మంచిది.

మామిడి గురించి కూడా అడుగుతున్నారు. పచ్చికాయ ముక్కలు ఉప్పు రాసి ఎండబెట్టండి, పప్పులోకి ఏడాది పొడుగునా ఉంటాయి. బేనీషా (బంగినపల్లి) పండు ముగ్గేకొద్దీ పులుపు తగ్గుతుంది కాబట్టి ఆ గుజ్జు సీసాకెత్తకండి. తాండ్ర పోయండి, లేదా కొద్దిగా ఫ్రీజర్‌లో దాచుకోండి.