మా సత్యనారాయణపురం చెత్త బండికి నాలుగు స్టార్లు

పొద్దున ఏడింటికల్లా విజిల్ వినపడుతుంది. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడిది నీలం దాంట్లో, పాత బ్యాటరీలు, బల్బులు ఎర్రదాంట్లో సర్ది గేటు దగ్గర పెడతాను. ఇలా ఇంట్లోనే వేరు చెయ్యాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు.

బండితో వచ్చే అమ్మాయి ఎంతో మర్యాదస్తురాలు. "పిన్నిగారూ, మనవడి డైపర్లు కాగితంలో చుట్టివ్వండి, మేం చేత్తో తియ్యాల్సొస్తోంది" అంది. ప్రాణం చివుక్కుమంది. అప్పట్నుంచీ చుట్టి, పైన పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తున్నాను.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, మొన్న మామిడి టెంకలూ పాల ప్యాకెట్లూ నా కళ్లముందే ఒకే అరలో గుమ్మరించారు. రెండో అర తలుపు ఇరుక్కుపోయిందట. వెంటనే బాగుచేయించాలి. అందాకా పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, పాతసామాన్లాయనకి వేస్తున్నాను.